అమ్మమ్మ చూడని పెళ్ళి

ఇనాయతుల్లా చీకటి గదిలోంచి పెట్టిన కేకకి షాహిదాబీ చేతిలో కత్తెర జారి కిందపడింది.

"ఏమైందండీ?"

అతను నల్ల కర్టెన్ తోసుకుని బయటికొచ్చాడు. తడి ఫిల్మ్‌ని రెండు చివర్లా పట్టుకుని కిటికీ వెలుగుకి ఎత్తాడు.

"చూడు. నువ్వే చూడు."

అది 1981, వైశాఖమాసం. జగ్గయ్యపేట బస్టాండుకి నాలుగు కొట్ల అవతల వాళ్ళ స్టూడియో. ముందు గదిలో ఫోటోలు తీయడం, దాని వెనక చీకటి గది, ఆ వెనక కాపురం. పెళ్ళిళ్ళకి వెళ్ళి ఫోటోలు తీసుకొచ్చేది ఇనాయతుల్లా. వాటి అంచులు కత్తిరించి, నల్ల అట్టల మీద బిగించి, కింద తెల్ల సిరాతో పేర్లు రాసేది షాహిదాబీ. ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆమె చేతిరాత కోసమే ఇక్కడ ఆల్బమ్ చేయించుకునేవాళ్ళు ఉన్నారు. పదకొండేళ్ళుగా అదే పని, అదే వరస. మొదట పెళ్ళికూతురు, తర్వాత పెళ్ళికొడుకు, తర్వాత తాళి, తలంబ్రాలు, ఇక అక్కణ్ణుంచి చివరిదాకా బారులు తీరి నిలబడ్డ చుట్టాలు. ఎన్ని పెళ్ళిళ్ళు చేసినా మొహాలు మారేవి, అంతే.

ఆ ఫిల్మ్ నందిగామ జగన్నాథరావుగారమ్మాయి పెళ్ళిది. ముందురోజు ఆదివారం, పొద్దున పదీ నలభైకి ముహూర్తం. తాళి కట్టేటప్పుడు ఇనాయతుల్లా మూడుసార్లు కెమెరా నొక్కాడు. షాహిదాబీ ఆ మూడింటినీ వెలుగులో చూసింది. మొదటిది గాజుముక్కలా ఖాళీ. రెండోదాంట్లో ఎవరిదో పెద్ద వీపు. మూడోది వంకరగా ఉంది, అందులో పెళ్ళికొడుకూ లేడు, పెళ్ళికూతురూ లేదు.

"మొదటిసారి ఫ్లాష్ వెలగలేదు. రెండోసారి పెళ్ళికూతురి బాబాయి అడ్డమొచ్చాడు," అన్నాడు ఇనాయతుల్లా. "నేనేమో స్టూలెక్కి నించున్నా. అక్షింతలు వేయడానికి జనం ఒక్కసారిగా మీదికొచ్చారు. స్టూలు ఒరిగింది. పడిపోతూ పడిపోతూ నొక్కేసినట్టున్నా. లేచి చూసేసరికి మూడుముళ్ళూ పడిపోయాయి."

"ఇప్పుడెలా?"

"వాళ్ళిద్దర్నీ పిలిపించి ఇక్కడే కూర్చోబెడదాం. అతను చేతులు మెడ దగ్గర పెడితే చాలు. వెనక పరదా కడితే పందిరో కాదో ఎవరికి తెలుస్తుంది?"

షాహిదాబీ కిందపడ్డ కత్తెర తీసుకుని మళ్ళీ పనిలో పడింది. ఆమెకి ఆ ఆలోచన నచ్చలేదని అతనికి అర్థమైంది.

* * *

వాళ్ళు కబురు పెట్టకముందే, బుధవారం పదిగంటల బస్సుకి పెళ్ళికూతురు ప్రమీలారాణి, తల్లి కమలాకుమారి స్టూడియో మెట్లెక్కారు. ప్రమీల చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది.

"ఇనాయతుల్లాగారూ, ఆల్బమ్ శనివారానికల్లా కావాలండీ," అంది వస్తూనే. "ఆయన ఉద్యోగం కొత్తగూడెంలో. సోమవారం నేను అక్కడికి కాపురానికి వెళ్ళిపోతున్నా. వెళ్ళేలోపు మా అమ్మమ్మకి చూపించాలి."

అమ్మమ్మ సీతారావమ్మగారు చెవిటికల్లులో ఉంటుంది. పెళ్ళి ఇంకా పదిరోజులుందనగా వాకిట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. పిండికట్టుతో మంచం దిగే వీల్లేక పెళ్ళికి రాలేదు.

"నిన్న వెళ్ళి పెళ్ళంతా చెబుదామని పక్కన కూర్చున్నానక్కా," అంది ప్రమీల, షాహిదాబీ వైపు తిరిగి. "నాకేం తెలుసు? పొద్దుటినుంచీ తల వంచుకునే ఉన్నా. పెళ్ళివారు ఎప్పుడొచ్చారే అంటే తెలీదు. పందిట్లో ఎవరేం చేసారే అంటే తెలీదు. 'పెళ్ళి నీదేనా, ఇంకెవరిదన్నానా?' అని తిట్టింది."

షాహిదాబీకి నవ్వొచ్చింది. "ఫోటోలు చూపిస్తే సరిపోద్దిగా?"

"నిలబెట్టి తీసిన ఫోటోలు చూపిస్తే ఊరుకునే మనిషి కాదు. మన చుట్టాలెవరో నాకు తెలీదా, ఏం జరిగిందో చెప్పవే అంటుంది. మొదట ఇది, తర్వాత ఇది, ఆ తర్వాత ఇది అన్నట్టు చూపించగలరా?"

ఇనాయతుల్లా గొంతు సవరించుకున్నాడు. దాచి లాభం లేదనుకుని తాళి ఫోటో సంగతి చెప్పేశాడు. స్టూడియోలో మళ్ళీ కూర్చోబెట్టే ఉపాయమూ చెప్పాడు. కమలాకుమారి రెండు చెవులూ మూసుకుంది.

"కట్టిన తాళి మళ్ళీ కట్టడమేంటండీ! తప్పు తప్పు. అయ్యో, మా ఆయనకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు."

ప్రమీల మొహం చిన్నబోయింది. అప్పుడు షాహిదాబీ లోపలికెళ్ళి నాలుగు కాగితాలూ, భూతద్దమూ పట్టుకొచ్చి బల్లమీద పెట్టింది. తీసిన అరవై ఫోటోలూ అగ్గిపెట్టెంతేసి బొమ్మలుగా ఆ కాగితాల మీద ఉన్నాయి. ఎంపిక చేసుకోవడానికి ముందు అలా చిన్నగా వేసుకుంటారు.

"ఆల్బమ్‌కి వీటిలో పాతిక తీసుకుంటాం, మిగతావి పక్కన పడేస్తాం," అంది. "ఆ పడేసేవాటిలో ఏముందో చూద్దాం ఉండండి."

భూతద్దం పెట్టి వరసగా చూస్తూ ఒకచోట ఆగిపోయింది.

"ఈయనెవరు? మెడలో పూలదండ, బుగ్గన చుక్క. బస్సు నెడుతున్నాడు!"

ప్రమీల భూతద్దం లాక్కుంది. చూసి, నోటిమీద చెయ్యేసుకుంది.

"అమ్మా! ఆయనే!"

జి.కొండూరు నుంచి వస్తున్న పెళ్ళివారి బస్సు కంచికచర్ల దాటాక, కీసర వంతెన మీద ఆగిపోయింది. ఆ కబురు రాగానే ప్రమీల బాబాయి జీపులో బయల్దేరితే, ఇనాయతుల్లా కూడా కెమెరాతో ఎక్కేశాడు. అక్కడ నాలుగు ఫోటోలు తీశాడు గానీ, అవి ఆల్బమ్‌లో పెట్టేవి కాదని వదిలేశాడు.

"బస్సు ఆగిపోయిందని నాతో ఒక్కరూ చెప్పలేదే!" అంది ప్రమీల.

"నువ్వు కంగారుపడతావని చెప్పొద్దన్నారు మీ నాన్న," అంది కమలాకుమారి. "ముహూర్తానికి గంట కూడా లేదు. నేను వంటింట్లో దేవుడికి మొక్కుకుంటూ కూర్చున్నా."

"అంటే నేను గౌరీపూజ చేస్తుంటే ఆయన రోడ్డుమీద ఉన్నారా?"

షాహిదాబీ గబగబా గౌరీపూజ బొమ్మ వెతికింది. ప్రమీల తల వంచుకుని పసుపు ముద్దకి కుంకుమ పెడుతోంది. ఆమె తలపైన, గోడకి, గడియారం. తొమ్మిదీ నలభై.

"బస్సు ఆగింది ఎన్నింటికి?" అని భర్తని అడిగింది.

"తొమ్మిదింబావుకట. ఈ పూజ ఫోటో తీసి బయటికి రాగానే కబురు తెలిసి నేను జీపెక్కా."

షాహిదాబీకి ఒళ్ళు ఝల్లుమంది. వారపత్రికలో సీరియల్ చదివేటప్పుడు ఇలాగే ఉండేది ఆమెకి. ఇక్కడ ఒకటి జరుగుతూ ఉంటుంది, అక్కడ ఇంకొకటి జరుగుతూ ఉంటుంది, రెండూ కలుస్తాయో లేదోనని చదివేవాళ్ళు గోళ్ళు కొరుక్కోవాలి. ఈ ఆల్బమ్‌లోనూ ఎడమ పేజీలో ఇల్లు, కుడి పేజీలో రోడ్డు! ఎడమన గడియారం, కుడిన బస్సు. పేజీ తిప్పితే ఎడమన మళ్ళీ గడియారం.

"ఇది చూడండి," అంది. జగన్నాథరావుగారు పందిట్లో పురోహితుడితో మాట్లాడుతూ చేతి గడియారం చూసుకుంటున్నారు. ఇంకో బొమ్మలో ఎవరికో నమస్కారం పెడుతూ, చూపు మాత్రం గడియారం మీదే. మూడోదాంట్లో వీధి గుమ్మంలో నిలబడి ఏకంగా చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, గడియారం ఆడుతోందో లేదో వింటున్నారు. తల్లీకూతుళ్ళు ఒకరిమీద ఒకరు పడి నవ్వారు.

చివరికి ఆ వంకర బొమ్మ దగ్గరికొచ్చారు. అందులో ఉన్నది పందిట్లో ఆడవాళ్ళ వైపు. ఆ సమయానికి ఫ్లాష్ వెలిగింది. ఒక పిల్ల మేళం చప్పుడుకి చెవులు మూసుకుంది. వంటావిడ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చినట్టుంది. ఒక పెద్దాయన సగం లేచి మెడ చాపాడు. గాలిలో అక్షింతలు తెల్లటి చుక్కల్లా ఆగిపోయి ఉన్నాయి. అందరి కళ్ళూ ఒకేచోట ఉన్నాయి. అందరికన్నా ముందు కమలాకుమారి. అక్షింతలు వదిలేసిన చేతులు ఇంకా అలాగే తెరుచుకుని, నోరు కొంచెం విడివడి, ఏడుపో నవ్వో తెలియని మొహం.

కమలాకుమారి దానివంక చాలాసేపు చూసింది.

"ఇది నేనా?" అంది మెల్లిగా.

"తాళి కడుతున్న ఫోటో ఇదేనండీ," అంది షాహిదాబీ.

* * *

వాళ్ళు వెళ్ళిన దగ్గర్నుంచి షాహిదాబీ కాలు ఒకచోట నిలవలేదు. చిన్న బొమ్మలన్నీ కత్తిరించి మంచమంతా పరిచింది. ఒకటి తీసి ఇక్కడ పెడుతుంది, ఇంకోటి అక్కడికి జరుపుతుంది. అన్నం వండడం మర్చిపోయింది. ఇనాయతుల్లా హోటల్నుంచి ఇడ్లీలు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

"అంతా బాగుంది గానీ, బస్సు ఫోటో మాత్రం వద్దు షాహిదా," అన్నాడు. "కొత్తల్లుడు బస్సు నెట్టే ఫోటో పెడితే జగన్నాథరావుగారు నన్ను మళ్ళీ నందిగామలో అడుగు పెట్టనిస్తారా?"

"తీసింది మీరేగా. ఎందుకు తీసారు?"

"బాగుందని తీసా."

"మరింకేం?"

అతను ఇడ్లీ తుంచుకుంటూ ఆ బొమ్మని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. పెళ్ళికొడుకు పంచె ఎగ్గట్టుకుని, భుజం బస్సుకి ఆనించి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. "పెద్దది వేద్దాం," అన్నాడు.

ఎండలకి చీకటి గదిలో మందునీళ్ళు వేడెక్కిపోతున్నాయి. సోడా కొట్టునుంచి ఐసుముక్కలు తెచ్చి తొట్ల చుట్టూ పేర్చాడు. గురువారం మధ్యాహ్నం కరెంటు పోయి నాలుగింటిదాకా రాలేదు. ఆ నాలుగు గంటలూ షాహిదాబీ ఫోటోల కింద రాయాల్సిన మాటలు రాసి కొట్టేస్తూ కూర్చుంది. పేర్లు రాయదలుచుకోలేదు. ఒక్కొక్క పేజీకి ఒక్కొక్క వాక్యం. 'తొమ్మిదీ నలభై. పెళ్ళికూతురు గౌరీపూజకి కూర్చుంది. బస్సు ఇంకా కీసర దగ్గరే ఉంది.'

వంకర ఫోటోని రెండు పేజీలకీ కలిపి పరవాలంది. అంత పెద్ద కాగితం లేక ఇనాయతుల్లా రెండు సగాలుగా వేశాడు. వంకర సరిచేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు.

"వంకర ఉంటేనే అక్కడ ఎంత తోపులాటో తెలుస్తుంది."

"నేను పడిపోతున్నానని తెలుస్తుంది."

"అదీ తెలియనీయండి."

శుక్రవారం సాయంత్రానికి చివరి పేజీ ఆరింది. ఇద్దరూ నేలమీద కూర్చుని మొదట్నుంచి తిప్పారు. బస్సు వంతెన దిగే పేజీ దగ్గరకొచ్చేసరికి, ఆ పెళ్ళిలో ఉండి వచ్చిన ఇనాయతుల్లాకే గుండె దడదడలాడింది.

"వస్తాడా రాడా అనిపిస్తోంది. వచ్చాడని నాకు తెలుసు!" అన్నాడు.

* * *

శనివారం పొద్దున నందిగామలో జగన్నాథరావుగారు సావిట్లో పడక్కుర్చీలో కూర్చుని ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకున్నారు. మొదటి పేజీలో పెళ్ళికూతురు లేదు. తెల్లారుజామున గాడిపొయ్యిలమీంచి లేస్తున్న పొగ, దాని వెనక మసగ్గా పందిరి.

"ఇదేంటయ్యా, పొయ్యితో మొదలెట్టావ్?"

రెండు పేజీలు తిప్పారు. బస్సు కనబడింది. ఆయన మొహం జేవురించింది.

"మా అల్లుడు బస్సు నెట్టడం పెళ్ళి ఆల్బమ్‌లోనా? వియ్యంకుడు చూస్తే ఏమనుకుంటాడు?" గబగబా పేజీలు తిప్పుకుంటూ పోయారు. "తాళి ఏదీ? తాళి కట్టే ఫోటో ఏది?"

ఇనాయతుల్లా చేతులు కట్టుకుని నిజం చెప్పాడు. ఫ్లాష్, వీపు, స్టూలు అన్నీ చెప్పాడు. జగన్నాథరావుగారు ఆల్బమ్ టప్పున మూసేశారు.

"తాళి లేని పెళ్ళి ఆల్బమ్ నాకక్కర్లేదు. పట్టుకుపో."

ఇనాయతుల్లా వెనకే నిలబడ్డ షాహిదాబీ ఆల్బమ్ అందుకోబోయింది. అంతలో ప్రమీల వచ్చి తండ్రి ఒళ్ళోంచి ఆల్బమ్ తీసుకుంది.

"ఇది మీకోసం చేయించలేదు నాన్నా, అమ్మమ్మకోసం చేయించా. ఆవిడ బాలేదంటే అప్పుడు పట్టుకుపోతారు. జీపు తీయండి."

కూతురు కాపురానికి వెళ్ళడానికి రెండురోజులుంది. ఆయన కాదనలేకపోయారు. జీపు తాళాలు తీసుకున్నారు.

చెవిటికల్లులో సీతారావమ్మగారు కాలు దిండుమీద పెట్టుకుని మంచంలో కూర్చుని ఉంది. వయసు డెబ్బై దాటినా గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. జగన్నాథరావుగారు లోపలికి రాకుండా అరుగుమీద కూర్చున్నారు. ప్రమీల ఆల్బమ్ అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది. షాహిదాబీ మంచంకోడు పక్కన నిలబడి, పేజీల కింద రాసినవి చదివి వినిపించసాగింది.

"పొగ లేచిందా, బాగుంది. పులిహోర ఎవరు కలిపారు? ఈవిడా! అయితే పులుపు ఎక్కువై ఉంటుంది. తర్వాత?"

పేజీ తిరిగింది.

"ఓరి నాయనో! పెళ్ళికొడుకు బస్సు నెడుతున్నాడేంటే! తర్వాత?"

"తొమ్మిదీ నలభై," చదివింది షాహిదాబీ. "బస్సు ఇంకా కీసర దగ్గరే ఉంది."

"ముహూర్తం పదీ నలభైకి కదటే! ఇంకెలా వస్తాడే?" ముసలావిడ మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఈ గడియారం చూసుకునేదెవరు? మీ నాన్నే. ఇక్కడా మీ నాన్నే. ఇదుగో, గడియారం చెవిలో పెట్టుకున్నాడు! అల్లుడుగారూ! ఓ అల్లుడుగారూ! ఇలా రండి. ఇంతకీ బస్సు ఎలా కదిలింది?"

అరుగుమీంచి జవాబు వచ్చింది. "వంతెన పల్లంలో కదిలిందండీ."

"అక్కణ్ణుంచి అరిస్తే నాకేం వినబడుద్ది? లోపలికి రండి!"

జగన్నాథరావుగారు గుమ్మందాకా వచ్చారు. "ఇటువైపు పల్లంలోకి తోసారండీ, అప్పుడు అందుకుంది ఇంజను. అల్లుడు పరిగెత్తుకెళ్ళి ఎక్కాడట. పదింబావుకి వీధి మొదట్లో హారన్ వినబడింది. ఆ గంటసేపు నా ప్రాణం నా దగ్గర లేదత్తయ్యగారూ. బంధువులంతా ఏమైంది ఏమైందని అడుగుతుంటే, ఏంలేదు ఏంలేదని నవ్వుతూ తిరిగా. లోపల పిల్లకి తెలీకూడదు..." చెబుతూ చెబుతూ మంచం దగ్గరికొచ్చేశారు. "ఇదిగో, ఈ ఫోటోలో చూడండి, ఎలా నవ్వుతున్నానో! అదంతా దొంగనవ్వు."

సీతారావమ్మగారు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయనకీ నవ్వు ఆగలేదు.

పేజీ తిరిగింది. రెండు పేజీల నిండా పరుచుకున్న ఆ వంకర ఫోటో. దాని కింద షాహిదాబీ ఏమీ రాయలేదు. ముసలావిడ నవ్వు ఆపింది. ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. చెవులు మూసుకున్న పిల్ల, గరిటె, లేచి నిలబడుతున్న పెద్దాయన, గాలిలో అక్షింతలు. కూతురి మొహం దగ్గర వేలు ఆగింది.

"తాళి కట్టేశాడు," అంది.

"మీకెలా తెలిసిందండీ?" అన్నారు జగన్నాథరావుగారు. "అందులో తాళి లేదుగా."

"మీ ఆవిడ మొహం చూడండి."

ఆయన వంగి చూశారు. తర్వాత మంచం పట్టెమీద కూర్చుని, ఆల్బమ్ తన వైపు తిప్పుకుని చూశారు. ఆ సమయంలో ఆయన కూతురి పక్కనే ఉన్నారు. భార్య ఎక్కడుందో, ఎలా ఉందో ఆయనకి తెలీదు.

"కమలా, నువ్వు ఏడ్చావా?"

"ఏమోనండీ. నాకు గుర్తులేదు," అంది కమలాకుమారి తలుపు పక్కనుంచి.

సీతారావమ్మగారు గిన్నెలో బియ్యం, పసుపు తెమ్మంది. తడి చేత్తో తనే కలుపుకుంది. ప్రమీలని ముందుకి వంగమని, "అందరూ వేసేసారు, నేనొక్కదాన్నే మిగిలా," అంటూ గుప్పిళ్ళతో నెత్తిన పోసింది. ప్రమీల వంచిన తల చాలాసేపు ఎత్తలేదు. ముసలావిడ కళ్ళు తుడుచుకుని షాహిదాబీ వంక చూసింది.

"మళ్ళీ మొదట్నుంచి చదువమ్మాయ్. ఈసారి నిదానంగా."

* * *

సోమవారం పొద్దున ప్రమీలని తీసుకెళ్ళడానికి వచ్చిన పెళ్ళికొడుకు ఆల్బమ్ చూసి, తనకీ ఒకటి కావాలని పట్టుబట్టాడు. బస్సు ఫోటో ఇంకా పెద్దది ఉంటే ఇంకా మంచిదన్నాడు. జగన్నాథరావుగారు ఆరోజే జగ్గయ్యపేట వచ్చి రెండో ఆల్బమ్‌కి చెప్పారు. స్టూడియోలో కూర్చుని టీ తాగుతూ, అక్కడున్న ఇద్దరు ముగ్గురికి బస్సు కథంతా తనే మొదలుపెట్టి చెప్పారు. ఆయన చెప్పినప్పుడు బస్సు ఇంకో పావుగంట ఆలస్యమైంది.

వెళ్ళేముందు ఇనాయతుల్లాని పక్కకి పిలిచారు.

"అది కూర్చింది మీ ఆవిడేనటగా?"

"అవునండీ. నేను తీసానంతే."

"ఈసారి పెళ్ళికి ఆమెని కూడా తీసుకెళ్ళు."

ఇనాయతుల్లాకి అంతకుముందు ఎప్పుడూ ఆ మాట తట్టలేదు. షాహిదాబీకి మాత్రం తట్టింది. బుధవారం నుంచీ అడుగుదామా వద్దా అని చూస్తోంది.

జ్యేష్ఠమాసంలో పెనుగంచిప్రోలులో పెళ్ళికి ఇద్దరూ మొదటి బస్సెక్కారు. దారి పొడుగునా షాహిదాబీ మాట్లాడుతూనే ఉంది. పందిట్లో ఎటు నిలబడాలో, ఎవర్ని కదలొద్దని చెప్పకూడదో, ఒక్కొక్కటే చెబుతుంటే ఇనాయతుల్లా తల ఊపుతూ కూర్చున్నాడు. పెళ్ళివారింటి ముందు దిగేసరికి అప్పుడే పందిరికి మామిడాకులు కడుతున్నారు. ఆమె తిన్నగా లోపలికెళ్ళి పెళ్ళికూతురి తల్లిని వెతికి పట్టుకుంది.

"ఇవాళ రావాల్సినవాళ్ళలో రాలేకపోయినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అమ్మా?"

ఆవిడ చేతిలో పూలబుట్టతో నిలబడిపోయింది. "మా తమ్ముడు. మిలట్రీలో ఉన్నాడు. సెలవు దొరకలేదు," అంది.

షాహిదాబీ చాపమీద చోటు చేసుకుని కూర్చుంది.

"ఆయనకి ఏమేం చూడాలని ఉంటుందో చెప్పండి."